మధ్యలో ఆగిన మాట: థెరపీ నుంచి లైఫ్ కోచింగ్‌కి

నాలుగేళ్ళ కిందట ఒక గురువారం సాయంత్రం నా థెరపిస్టు నా చేతికి ఒక కాగితం ఇచ్చారు. వచ్చే నెల నుంచి తాను థెరపీ ఆపేసి లైఫ్ కోచింగ్ మొదలుపెడుతున్నాననీ, ఇష్టమైతే కోచింగ్ క్లయింటుగా కొనసాగవచ్చుననీ, లేదంటే మరో ఇద్దరు థెరపిస్టుల ఫోన్ నంబర్లు ఇస్తాననీ అందులో ఉంది. చివర ఒక వాక్యం: కోచింగ్ చికిత్స కాదు. అప్పటికి పద్నాలుగు నెలలుగా ప్రతి గురువారం ఆవిడ ఎదురుగా కూచుంటున్నాను. పిహెచ్.డి. సమర్పించిన ఏడాది నిద్ర పట్టడం లేదని వెళ్ళడం మొదలుపెట్టి, నిద్ర సంగతి దాటి, మా ఇంట్లో ఎవరూ పైకి అనని ఒక విషయం దగ్గరికి మెల్లమెల్లగా వచ్చాను. ముందు వారమే దాని గురించి మొదటి వాక్యం నోట్లోంచి వచ్చింది. రెండో వాక్యం ఆ గురువారానికి దాచుకున్నాను.

కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని, “కంగ్రాచ్యులేషన్స్ మేడమ్” అని వచ్చేశాను. మనకి చిన్నప్పటినుంచీ నేర్పిన మర్యాద అది.

బాధ కలిగితే పుస్తకాల్లో వెతుక్కోవడం సాహిత్యం చదువుకున్నవాళ్ళకి ఉండే జబ్బు. థెరపీ వదిలి కోచింగ్‌లోకి వెళ్ళేవాళ్ళ కోసం, వెళ్ళినవాళ్ళ గురించి వచ్చిన రాతలు దొరికినవి దొరికినట్టు చదివాను. ఈ వ్యాసం ఆ చదువు గురించి.

ముందు మాటల సంగతి చూద్దాం. థెరపీకి తెలుగులో జనం వాడే మాట లేదు. ‘కౌన్సెలింగ్’ ఉంది గానీ దానికి మన దగ్గర అర్థాలు వేరు. ఒకటి, ఇప్పటికీ అందరం ఎంసెట్ అనే పిలిచే పరీక్షలో రాంకు వచ్చాక సీటు ఎంచుకునే తతంగం. రెండోది, భర్త కొట్టాడని పోలీస్ స్టేషనుకి వెళ్ళిన మనిషిని ఆ భర్త పక్కనే కూచోబెట్టి, సర్దుకుపొమ్మని చెప్పి పంపించడం. పేపర్లో ‘పోలీసులు కౌన్సెలింగ్ ఇచ్చారు’ అని వస్తే మందలించారని మనకి అర్థమవుతుంది. ఇక ‘కోచింగ్’ అంటే అమీర్‌పేట, అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్. రాంకు కోసం, ఉద్యోగం కోసం వెళ్ళేది. తమాషా ఏమిటంటే ఇంగ్లీషులోనూ బోధనకి సంబంధించి ఈ అర్థమే ముందు వచ్చింది. హంగరీలోని ఒక ఊరి పేరు మీద గుర్రబ్బండికి వచ్చిన ‘కోచ్’ అనే మాటని, 1830ల ప్రాంతంలో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు తమని పరీక్ష గట్టెక్కించే ట్యూటరుకి పెట్టారు. ఆటల కోచ్ ఆ తర్వాతే. కాబట్టి ‘లైఫ్ కోచింగ్’ అనగానే జీవితానికి కూడా ఒక రాంకు ఉంటుందన్నమాట అని మన చెవికి తోస్తే, ఆ తోచడంలో పొరపాటేమీ లేదు.

వృత్తిగా ఇది రూపు కట్టింది 1990లలో, అమెరికాలో. అంతకు ముందు ఆర్థిక సలహాదారుగా పనిచేసిన థామస్ లెనార్డ్ 1992లో కోచ్ యూనివర్సిటీ పెట్టాడు. 1995లో ఇంటర్నేషనల్ కోచ్ ఫెడరేషన్ వచ్చింది. సరిగ్గా అదే దశాబ్దంలో అక్కడి ఇన్సూరెన్సు కంపెనీలు ‘మేనేజ్డ్ కేర్’ పేరుతో ఎన్ని సెషన్లకి డబ్బు ఇవ్వాలో తామే నిర్ణయించడం మొదలుపెట్టాయి. రోగి ఇంకా కోలుకోలేదని థెరపిస్టు అంటే, కాగితాలు పంపమని కంపెనీ అనేది. ఈ నేపథ్యంలో 2002లో నార్టన్ ప్రచురణ సంస్థ రెండు పుస్తకాలు తెచ్చింది. పాట్రిక్ విలియమ్స్, డెబొరా డేవిస్ రాసిన ‘థెరపిస్ట్ యాజ్ లైఫ్ కోచ్’ ఒకటి. లిన్ గ్రాడ్‌స్కీ సంపాదకత్వంలో, థెరపిస్టులుగా ఉండి కోచ్‌లైనవాళ్ళు తమ కథలూ సలహాలూ పంచుకున్న ‘ద న్యూ ప్రైవేట్ ప్రాక్టీస్’ రెండోది.

ఈ మార్పుని డబ్బు ఆశ అని కొట్టిపారెయ్యడానికి స్త్రీవాదులుగా మనకి హక్కు లేదనుకుంటాను. ఎందుకంటే థెరపీ చరిత్ర ఏమంత పవిత్రమైంది కాదు. ఇన్సూరెన్సు డబ్బు రావాలంటే రోగానికి ఒక పేరు ఉండాలి. ఆ పేర్లు అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ పుస్తకంలోంచి రావాలి. 1987 నాటి ఆ పుస్తకం అనుబంధంలో, తన ఓటమిని తానే కొనితెచ్చుకునే వ్యక్తిత్వం ఒక రుగ్మత అని చేర్చారు. దెబ్బలు తింటూ కాపురం చేస్తున్న ప్రతి స్త్రీకీ ఈ ముద్ర వేసెయ్యవచ్చునని అక్కడి స్త్రీవాదులు గట్టిగా పోట్లాడారు. 1994 ముద్రణలో అది లేదు. మన దగ్గరా అంతే. ‘ఎర్రగడ్డ’ అనే ఊరి పేరే తిట్టుగా వాడే చోట, థెరపీకి వెళ్తున్నానని అత్తగారింట్లో ఎవరు చెప్పగలరు? కోచింగ్‌కి వెళ్తున్నానంటే మాత్రం అందరూ మెచ్చుకుంటారు. రోగం పేరు పెట్టకుండా ఒక మనిషితో మాట్లాడే అవకాశం ఎవరికైనా దొరికితే అది తక్కువ విషయం కాదు.

ఈ మార్పు ఒత్తిడిని నిజాయితీగా రాసినవాళ్ళలో లోరీ గాట్లీబ్ ఒకరు. 2012 నవంబరులో న్యూయార్క్ టైమ్స్ మేగజైన్‌లో ఆమె ఒక వ్యాసం రాశారు. ఏళ్ళపాటు శిక్షణ పొంది థెరపిస్టుగా ప్రాక్టీసు పెడితే ఫోను మోగలేదు. సలహా కోసం బ్రాండింగ్ నిపుణుల దగ్గరికి వెళ్తే, జనానికి కావలసింది థెరపీ కాదు, ఒక నిర్దిష్టమైన సమస్యకి పరిష్కారం అన్నారు. తనని తాను సరుకుగా అమ్ముకోవలసి రావడంలో ఉన్న ఇబ్బంది ఆ వ్యాసంలో కనిపిస్తుంది. ఆమె కోచ్‌గా మారిపోలేదు. థెరపిస్టుగా ఉండి, 2019లో ‘మేబీ యూ షుడ్ టాక్ టు సమ్‌వన్’ అనే జ్ఞాపకాల పుస్తకం రాశారు. అందులో ఆమె క్లయింట్లు పాత్రలుగా ఉన్నారు. ఆమే మరొక థెరపిస్టు ఎదుట క్లయింటుగా కూచుంది.

ఆ పుస్తకం పక్కన పెట్టి చూసినప్పుడే మిగతా కథనాల్లో నాకు ఏది దొరకడం లేదో తెలిసింది. నేను చదివిన మార్పు కథనాల నడక దాదాపు ఒకటే. మొదట అలసట. తర్వాత ఒక శిక్షణ. తర్వాత వెలుగు. చివరికి కొత్త జీవితం, మంచి ఆదాయం, మనసుకి నచ్చిన పనివేళలు. నాయిక థెరపిస్టే. కొత్తగా వచ్చే క్లయింట్లు భవిష్యత్తులో ఉన్నారు. మరి ఆమె పాత గదిలో సగం చెప్పి ఆగినవాళ్ళు? వాళ్ళకి ఆ కథలో చోటు లేదు. సాహిత్యంలో ఎవరి గొంతు వినిపించడం లేదో వెతకడమే స్త్రీవాద విమర్శ మనకి నేర్పిన మొదటి పని. ఇక్కడ ఆ గొంతు క్లయింటుది.

ఈ కథనాలన్నిటికీ ఆధారమైన సూత్రం ఒకటుంది: థెరపీ గతానికి సంబంధించింది, కోచింగ్ భవిష్యత్తుకి సంబంధించింది. వినడానికి బాగుంది. కానీ నా భాషలో ఈ గీత నిలవదు. ‘తాగొస్తే కొడతాడు’ అంటుంది ఒకామె. ఈ ‘కొడతాడు’ ఏ కాలం? నిన్న కొట్టాడు, రోజూ కొడుతున్నాడు, రేపూ కొడతాడు, అన్నీ ఆ ఒక్క క్రియలోనే ఉన్నాయి. అలవాటుకీ భవిష్యత్తుకీ తెలుగులో రూపం ఒకటే. గతాన్ని వదిలేసి రేపటి గురించి మాట్లాడుకుందామని ఆమెతో ఎలా అనగలం? ఆమె రేపంటేనే అలవాటైన నిన్న కదా. హింసకి పేరు పెట్టడం, అది ఎవరు చేశారో చెప్పడం గతంలో కూరుకుపోవడం కాదు. రేపటిని మార్చడానికి మొదటి మెట్టు. ఇంటి నాలుగు గోడల మధ్య జరిగేది కూడా రాజకీయమేనని మన ఉద్యమం ఇన్నేళ్ళుగా చెప్తున్నది ఇదే.

గత ఏడాది ఒక సెమినార్‌లో ఆవిడ మళ్ళీ కనిపించారు. పలకరించి, మాదాపూర్‌లో ఉన్న తన ఆఫీసుకి రమ్మన్నారు. వెళ్ళాను. కొత్తగా వచ్చినవాళ్ళతో నింపించే ఒక కాగితం చూపించారు. కోచింగ్ ప్రపంచంలో అందరూ వాడేదే, ‘వీల్ ఆఫ్ లైఫ్’ అంటారు. ఒక చక్రం, అందులో ఎనిమిది ముక్కలు: ఉద్యోగం, డబ్బు, ఆరోగ్యం, కుటుంబమూ స్నేహితులూ, దాంపత్యం, వ్యక్తిగత ఎదుగుదల, వినోదం, ఉండే చోటు. ఒక్కొక్కదానికీ పదికి ఎన్ని మార్కులో మనమే వేసుకోవాలి. కవితని చదివినట్టే ఆ కాగితాన్నీ చదివాను. ఎనిమిది ముక్కలూ ఒకే సైజు. కులానికి ముక్క లేదు. భయానికి లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ చక్రం మొత్తంలో కర్త ఒక్కరే, ‘నేను’. కుటుంబానికి నాలుగు మార్కులు వస్తే దాన్ని ఆరు చెయ్యవలసింది నేనే. ‘కొడతాడు’ అన్న క్రియకి కర్త ఆ చక్రంలో ఎక్కడా కూచోడు.

ఇదే ఆవిడతో అన్నాను. ఆవిడ కాసేపు ఊరుకుని అన్నారు:

“నువ్వన్నది నిజమేనమ్మా. కానీ పదకొండేళ్ళు విన్నాను. రోజుకి ఆరుగురు. అందులో నలుగురిది ఒకటే కథ. విన్నాక వాళ్ళు మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళేవాళ్ళు. రాత్రిళ్ళు నాకు దవడలు బిగుసుకుపోయేవి. నెలాఖరుకి గది అద్దెకి వెతుక్కునేదాన్ని. నేనెక్కడికి వెళ్ళి చెప్పుకోను? ఇప్పుడు వచ్చినవాళ్ళని ‘మీకేం కావాలి’ అని అడుగుతాను. నలభై ఏళ్ళు దాటాక ఆ ప్రశ్న మొదటిసారి విన్నానని ఏడ్చినవాళ్ళున్నారు. అది చిన్న విషయమా?”

కాదు. నా విమర్శలో నేను మర్చిపోయిన సంగతి అది. ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో విమాన సిబ్బంది గురించి రాస్తూ, మన భావాల్ని అదుపులో పెట్టుకుని ఎదుటివాళ్ళ మనసుని కనిపెట్టుకునుండటం కూడా జీతానికి చేసే శ్రమేనని చూపించారు. ఆ శ్రమ ఎక్కువగా ఆడవాళ్ళకే వస్తుందని కూడా. వినడం ఆడవాళ్ళకి సహజగుణమని అనుకుంటాం గనక దానికి కూలి తక్కువ. ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ 2023 అధ్యయనం ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా లక్షా తొమ్మిది వేలమందికి పైగా కోచ్‌లున్నారు. ఆ ఏడాది వాళ్ళ ఆదాయం మొత్తం 456 కోట్ల డాలర్లు. వాళ్ళలో పదిమందికి ఏడుగురు ఆడవాళ్ళే. ఇంతమంది ఇటు నడిచారంటే, వాళ్ళు వదిలి వచ్చిన చోట్లు ఎలా ఉన్నాయో కూడా అడగాలి కదా?

అయినా ఒక తేడా ఉంది, దాన్ని దాటెయ్యలేను. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచెయ్యాలంటే 1992 చట్టం కింద ఏర్పడ్డ పునరావాస మండలి రిజిస్టరులో పేరుండాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షను, చికిత్సలో చెప్పుకున్న మాట బయటికి పొక్కకుండా ఉండే హక్కుని ఇచ్చింది. ఇవి ఆచరణలో ఎంత బలహీనమో మనకి తెలుసు. కానీ పోట్లాడటానికి ఒక కాగితమైనా ఉంది. లైఫ్ కోచ్‌కి చట్టం అడిగే రిజిస్టరు లేదు. ఆమె ఒప్పందం క్లయింటుతో, అంటే కొనుక్కునే మనిషితో. ‘కోచింగ్ చికిత్స కాదు’ అన్న ఆ చివరి వాక్యం నన్ను రోగి అనే ముద్ర నుంచి విడిపించింది నిజమే. ఆ ముద్రతో పాటు వచ్చే హక్కు నుంచి కూడా విడిపించింది.

బయల్దేరేముందు అడిగేశాను. “ఆ కాగితం ఇచ్చేముందు నన్నొక మాట అడగాల్సింది మేడమ్.”

“ముగించడం ఎలాగో నాకు ఎం.ఫిల్.లోనే నేర్పారమ్మా. కొన్ని వారాల ముందు చెప్పాలి, దాని గురించే మాట్లాడుకోవాలి, అన్నీ తెలుసు. కానీ ఇంకో రెండు నెలలు మీ అందరి ఎదుటా కూచుంటే వెళ్ళలేనని భయమేసింది. అందుకని కాగితం ఇచ్చాను.”

నేను చదివిన ఏ మార్పు కథలోనూ ఈ మాట లేదు. ఇది రాయమని ఆవిడని అడిగాను. ఎవరు చదువుతారని నవ్వారు. నేను చదువుతాను. ఆ వృత్తిలో ఉన్నవాళ్ళు, ఆ గదుల్లో ఎదురుగా కూచున్నవాళ్ళు చదువుతారు. వెళ్ళిపోవడం తప్పని ఆ కథ చెప్పనక్కర్లేదు. వెళ్ళేటప్పుడు గదిలో ఎవరున్నారో చెప్తే చాలు.

ఆ గురువారానికి దాచుకున్న రెండో వాక్యాన్ని ఏడాది తర్వాత ఇంకొకరి దగ్గర చెప్పాను. నిద్ర పట్టడం లేదన్న దగ్గర మళ్ళీ మొదలుపెట్టి, అక్కడిదాకా రావడానికి ఈసారి తొమ్మిది నెలలు పట్టింది.