కర్తార్‌పూర్ రైతు, ఢిల్లీ బావి

ఢిల్లీలో జీటీ కర్నాల్ రోడ్డు పక్కన నానక్ పియావో గురుద్వారా ఉంది. సికందర్ లోడీ ఏలుబడిలో గురునానక్ ఇక్కడి తోటలో బస చేసి, బావి నీళ్లు తోడి బాటసారుల దాహం తీర్చారని సిక్కులు చెప్పుకుంటారు. మన చలివేంద్రం లాంటిదే. ఆ బావిని ఇప్పటికీ చూపిస్తారు. లోకం ఆయన్ను గురువుగా కొలుస్తుంది. నాకు మాత్రం ముందు కొట్టు చూసుకున్న మనిషి, తర్వాత రైతు గుర్తుకొస్తారు. ఆయన భక్తి ఆ రెండు పనుల్లోనే పండిందని నా నమ్మకం.

1469లో తల్వండిలో పుట్టారు. తండ్రి ఊరి పట్వారీ, అంటే కరణం. వ్యాపారం చేసుకోమని ఆయన 20 రూపాయలిస్తే, కొడుకు ఆకలితో ఉన్న సాధువులకు భోజనం పెట్టి వచ్చాడట. తర్వాత అక్క నానకీ, బావ జైరామ్ చలవతో సుల్తాన్‌పూర్ లోధీలో నవాబు దౌలత్ ఖాన్ ధాన్యం కొట్టులో కొలువు దొరికింది. సరుకంతా పంచిపెడుతున్నాడని ఫిర్యాదులొస్తే లెక్కలు తీశారు, గింజ కూడా తేడా రాలేదని ఆయన జీవితకథలైన జన్మసాఖీలు చెబుతాయి. ఆయన వాడినవని చెప్పే తూకపు రాళ్లు అక్కడి హట్ సాహిబ్ గురుద్వారాలో ఉన్నాయి. చేతిలో జపమాల ఉన్నవాడి తక్కెడ కూడా నిక్కచ్చిగా ఉండాలి. ఆయన జీవితంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

దూరదేశాలు తిరిగి తిరిగి, చివరికి రావి ఒడ్డున కర్తార్‌పూర్‌లో స్థిరపడ్డారు. సుమారు 18 ఏళ్లు అక్కడే సేద్యం. బమ్మెర పోతన హలం పట్టాడని మనం మురిసిపోతాం కదా, నానకూ అంతే. తెల్లవారకముందే కీర్తన, పగలంతా పొలం, పొద్దుగూకాక మళ్లీ కీర్తన. పండిన పంట లంగర్‌కు, అంటే అందరికీ అన్నం పెట్టే ఉమ్మడి వంటశాలకు. వచ్చినవాళ్లు కులమేదైనా ఒకే బంతిలో కూర్చోవాలి. ఒకరోజు బురద కారుతున్న పచ్చిగడ్డి మోపు ఎత్తాల్సి వచ్చింది. కొడుకులు వెనకాడారు. శిష్యుడు లెహనా మాత్రం మంచి బట్టలతోనే తలకెత్తుకున్నాడట. నానక్ తన పీఠాన్ని కొడుకులకు కాక ఆ లెహనాకే అప్పగించారు. ఆయనే గురు అంగద్.

1539 సెప్టెంబరులో నానక్ కన్నుమూశారు. దహనం చేస్తామని హిందువులు, ఖననం చేస్తామని ముస్లింలు వాదించుకున్నారని, దుప్పటి తీస్తే పూలే కనిపించాయని కథ. కర్తార్‌పూర్‌లో ఈనాటికీ సమాధీ ఉంది, గోరీ ఉంది.

నానక్ పియావో దాటి అదే రోడ్డు మీద ఉత్తరంగా పోతే సింఘు సరిహద్దు వస్తుంది. కొత్త సాగు చట్టాలు వద్దంటూ 2020 నవంబరు నుంచి ఏడాదికి పైగా రైతులు అక్కడ చలికీ ఎండకీ ఓర్చి కూర్చున్నారు. అక్కడ లంగర్ ఆగలేదు. కాపలా పోలీసులకూ రొట్టెలు పెట్టారు. ఆ మూడు చట్టాలను వెనక్కి తీసుకుంటామని ప్రధాని ప్రకటించింది 2021 నవంబరు 19న, నానక్ జయంతి నాడు. ఆ రైతుల్లో చాలామందికి అది తమ గురువు ఇచ్చిన తీర్పే.

ఢిల్లీ వచ్చే తెలుగువాళ్లకు నాదొక మనవి. ఎర్రకోట చూశాక ఈ బావి దగ్గరకూ రండి. లంగర్‌లో తిని చేతులు కడుక్కుని వెళ్లిపోకండి. వంటశాలలోకి వెళ్లి కాసేపు రొట్టెలు ఒత్తండి, గిన్నెలు తోమండి. మీ ఊరేదని, మీ కులమేదని అక్కడ ఎవరూ అడగరు.