మంద కట్టిన చేను ఎవరిది?

చెనిక్కాయ పీకిన తర్వాత తనకల్లు చుట్టుపక్కల ఎర్ర గరుసు చేలల్లో గొర్రెల మందలు దిగుతాయి. రాత్రంతా మంద కట్టిస్తే పెంటికలే కాదు, మూత్రం కూడా ఉన్నచోటే ఇంకుతుంది. నత్రజని చాలావరకు అందులోనే ఉంటుంది. బండికెత్తే పనిలేదు, చల్లే కూలి లేదు. కాపరికి డబ్బో గింజలో ముట్టజెబితే చాలు. పశువుల ఎరువు విలువ మా రైతుకు ఒకరు చెప్పాల్సిన పని ఏనాడూ లేదు.

మరి యూరియా ఎందుకు కొంటున్నాడు? 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు. భుజాన వేసుకుని పోవచ్చు. ఎద్దులు పోయి ట్రాక్టర్లు వచ్చాక ఇంటి దిబ్బ చిక్కిపోయింది. 2016 నుంచి ప్రభుత్వం ప్రకృతి వ్యవసాయాన్ని ప్రోత్సహిస్తోంది. అందులో ఎరువుగా వాడే జీవామృతం 200 లీటర్లకు పది కిలోల పేడ చాలు. గొడ్డే లేని ఇంటికి ఆ పది కిలోలూ కష్టమే.

వీటన్నిటికంటే నన్ను బాధపెట్టేది గుత్త. దిబ్బ ఎరువు సత్తువ ఒక్క పంటతో తీరదు, రెండో ఏడూ మూడో ఏడూ పనిచేస్తూనే ఉంటుంది. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కౌలు కార్డుకు గడువు 11 నెలలే. వచ్చే ఏడు ఈ చేను తనకుంటుందో లేదో తెలియనివాడు మంద కట్టించడు. యూరియా చల్లుతాడు. అది అతని తప్పని నేననను.

అరకు కొండల్లో చూడండి. కాఫీ మొక్క కాపుకు రావడానికే మూడు నాలుగేళ్లు, ఆ తర్వాత దశాబ్దాలు కాస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా అందిన గిరిజన రైతు ఆ భూమిని అమ్మలేడు కానీ, పిల్లలకు దక్కుతుంది. సిల్వర్ ఓక్ నీడన రాలిన ఆకు, కాఫీ పండ్ల తొక్క కుళ్లి ఆ మొక్కలకే ఎరువవుతాయి. సేంద్రియ ధ్రువీకరణకు కాఫీ లాంటి బహువార్షిక పంటలైతే మూడేళ్లు ఆగాలి. ఆ ఓపిక అక్కడి రైతుకు ఉందంటే కాళ్లకింద నేల తనది కాబట్టే. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. మంచి ధరకు కొనేవాళ్లూ వచ్చారు.

మన చెన్నేకొత్తపల్లి వైపు టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ సాయంతో నిలిచిన ధరణి సహకార సంఘం సేంద్రియ చిరుధాన్యాలు కొంటోంది. అంటే ఇక్కడా కొనేవాళ్లున్నారు. చేను గుత్తకిచ్చే పెద్దలను నేను అడిగేది ఒక్కటే: మూడేళ్లకు కాగితం రాసివ్వండి. మధ్యలో చేను వెనక్కి తీసుకోవాల్సి వస్తే, అతను కట్టించిన మందకు, తోలించిన ఎరువుకు అయిన డబ్బు లెక్కగట్టి ఇవ్వండి.