టైరు వయస్సు

గడచిన వారము నాకు కోపము తెప్పించినది ఒక టైరు. మదనపల్లె మార్కెట్టుకు టమాటా తోలు మా మేనల్లుడు, తన పికప్ వ్యాను ముందర వేయుటకు సెకండ్ హ్యాండ్ టైర్ల జత ఒకటి చవుకగా దొరికినదని తెచ్చి చూపించెను. బటన్లు నిండుగా నుండి, నల్లరంగు పూతతో నిగనిగలాడుచున్న ఆ జతను చూచి, బాగుచేయదగిన వస్తువును పారవేయుట దోషమని ఈ శీర్షికలో పాఠకులకు విసుగు పుట్టునంతగా వాదించిన నేను సంతోషింపవలసినదే. కాని టైరు పక్కన అచ్చొత్తియున్న అంకెలలో కడపటి నాలుగు 2314 అని యుండెను. అనగా అది 2014వ సంవత్సరపు ఇరువదిమూడవ వారమున తయారైనది. బొటనవ్రేలితో గట్టిగా నొక్కి చూడగా, పూత క్రింద వెండ్రుకవాసి చీలికలు బారులుగా విచ్చుకొనినవి.

"కొత్తవి కొనేదానికి నాకాడ యాడుండాది మామా?" అని వాడడిగిన ప్రశ్న న్యాయమైనది. 2023 జూలైలో మన మార్కెట్టున కిలో 150 రూపాయలు దాటిన పంటయే, మరియొక ఏడు కోతకూలి కూడ గిట్టక రోడ్డు పక్కన పారబోయబడుచున్నది. ఆ ధరతో పాటు లేచి పడు బాడుగబండి యజమానికి చవుకటైరు ఆశగాక, బ్రతుకుతెరువు.

ఇట్టివారి కొరకే రీబటన్ విద్య పుట్టినదని నా దృఢవిశ్వాసము. నేను బి.టి. కళాశాలలో చదువుకొను కాలమున, సాయంకాలము ఇంటికి పోవు దారిలో ఒక రీబటన్ షెడ్డు ముందర నిలబడి ఆ పని చూచుట నాకు అలవాటు. అరిగిన టైరును తిరుగుడుయంత్రమునకు తగిలించి పైపొరను గీకుచుండగా రబ్బరు పొట్టు నల్లని వానవలె రాలుచుండెను. గరుకుదేరిన ఆ వీపునకు సొల్యూషన్ పూసి ఆరనిచ్చి, కొత్త రబ్బరుపట్టీని చుట్టి, బుడగ లేకుండ రోలరుతో అదిమి, అచ్చులో బిగించి ఉడికించిన తరువాత ఆవిరి కక్కుచు బయటికి వచ్చు టైరును చూచినపుడు, దానికి మరియొక జన్మ కలిగినట్లే నాకు తోచెడిది. అయితే ఆ పనికి ముందు, షెడ్డులోని పెద్దమేస్త్రి ప్రతి కేసింగునూ వెలుతురున పెట్టి, లోపల చేయి పెట్టి తడిమి, అనుమానమున్నదానిని మొగమాటము లేక త్రిప్పి పంపెడివాడు. "బటన్ పోతే నేనేస్తా సామీ, ఒళ్లు గట్టిగా ఉండల్ల" అని ఆయన మాట.

ఈ విద్యను చిన్నచూపు చూచువారికి ఒక్కటి చెప్పవలెను. బుడగలు చేసి అమ్ముటతో మదరాసులో 1946లో మొదలైన ఎం.ఆర్.ఎఫ్. సంస్థ, 1952లో చేపట్టినది ఈ రీబటన్ రబ్బరు తయారీయే. టైర్లు చేయుట ఆ పిమ్మటి మాట. విమానముల చక్రములకును రీబటన్ టైర్లు వేయుచున్నారు. మన ఆర్టీసీ వారు సొంతముగా రీట్రెడింగ్ షాపులు నడుపుచు, రీబటన్ చేసిన వానిని వెనుక చక్రములకు వాడుకొనుచున్నారు.

ఇంత చెప్పిన పిమ్మట, మేనల్లుడు తెచ్చిన టైర్లను నేను మెచ్చుకొనవలసి యుండగా, పారవేయుమని చెప్పితిని. ఎందుకనగా రబ్బరు అరుగుట ఒకటి, ముసలిదగుట మరియొకటి. ఎండయు, గాలిలోని ఓజోనును రబ్బరును బిరుసెక్కించి చీల్చును. చీలకుండ కాపాడుటకు దానిలో కలిపిన మైనము, టైరు తిరిగి వంగినప్పుడే బాగుగా పైకి వచ్చును గనుక, నిలిచియున్న బండి టైరు తిరుగుచున్న దానికంటె త్వరగా చెడుటయు కద్దు. అమెరికాలో మనవారు సెలవులకు బాడుగకు తీసికొను ఇల్లువంటి బండ్లకు, మోటారు హోములనబడు వానికి, వచ్చు జబ్బు ఇదియే: ఏడాదిలో ఎక్కువకాలము కదలక నిలిచి, బటను అరుగకమునుపే టైరు ప్రాణము పోవును. సీజను ముగిసిన పిమ్మట ఎండలో నిలిపివేయు మన టమాటా బండ్ల గతియు అంతకు భిన్నము కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలు బటను లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదనుచున్నవి. ఆ కొలతలో మేనల్లుని టైరు అవలీలగా నెగ్గును. అయిదేండ్లు దాటినదానిని ఏటేటా పరీక్షింపవలెననియు, పదేండ్లు దాటినదానిని చూపునకు బాగున్నను మార్చవలెననియు పలువురు తయారీదారులు చెప్పుచున్నారు. ఆ మాటకు నిలుచునది కాదది. నిండు బరువుతో భాకరాపేట ఘాటు దిగునప్పుడు ముందరి టైరు పగిలినచో, స్టీరింగు ఎవరి చేతిలోనూ నిలువదు.

కావున, పాతవస్తువును ఎన్నడును పారవేయరాదను నా పట్టుదలను ఇచ్చట సడలించుచున్నాను. వాని వెనుక చక్రముల కేసింగులు తానే కొత్తగా కొని, తానే నడిపినవి. వానిని రీబటనుకు పంపుమంటిని. ముందరకు కొత్త జతను వాయిదాల మీదనైనను కొనక తప్పదంటిని. తెచ్చిన జతను అంగడిలో తిరిగి ఇచ్చుటకు నేనును వెంట వెళ్లితిని. అచ్చటివారు సగము డబ్బు మాత్రమే ఇత్తుమనిరి. ఆ గోడకు వరుసగా ఆనించియున్న టైర్లలో ఎక్కువవానికి అదే నిగనిగ, అంకెలున్న వైపు గోడకు త్రిప్పబడి యుండెను. ఆ సగము సొమ్ము గూర్చి మేనల్లునకును వారికిని వాదము ఇంకను నడచుచున్నది.