ఉదాహరణకర్తల ఉపకారము

కమాండ్ లైన్ పరికరములకు సహాయపాఠము వ్రాయు అజ్ఞాతశిల్పుల పనికి పూర్వరూపమును తూర్పు కనుమలలోని సవర కొండలయందే నేను దర్శించుచున్నాను. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై యుండి, సవరభాషను సవర జనులనుండియే అభ్యసించి, 1931లో దాని వ్యాకరణమును, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిన గిడుగు రామమూర్తి పంతులుగారిది, క్రొత్తగా నేర్చువానికి త్రోవ చూపిన మహోపకారము.

అట్టి త్రోవనే కంప్యూటరు లోకమున చూపుచు, 1971 నవంబరునాటి యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ తొలి మాన్యువల్, ప్రతి ఆదేశమునకును పేరు, ప్రయోగరూపము, వివరణ అను శీర్షికలను ఒకే క్రమమున నిలిపి, పాఠకునికి వెదకులాట తప్పించినది. అయినను నా మనస్సు ఉదాహరణముపైననే నిలుచును: ఆప్షన్ల పట్టిక యెంత సమగ్రమైనను, ఉన్నదున్నట్లు టైపుచేసినంతనే పనిచేయు ఒక్క పంక్తి యిచ్చు ధైర్యమును అది యీయజాలదు. అరకులోయలో తొలిసారి టెర్మినల్ తెరచు విద్యార్థికై ‘ఫూ’, ‘బార్’ అను అర్థశూన్యనామములకు మారుగా, కాఫీ దిగుబడి ఫైలునో, మిరియాల ధరల ఫైలునో ఆ పంక్తిలో నిలుపవలెనని నా కోరిక.