కౌంటర్ దగ్గర దొరికే వ్యాసం

1924 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయం బాధ్యతలు తీసుకున్న ఎస్.ఆర్. రంగనాథన్‌కు కొద్దిరోజుల్లోనే ఆ కుర్చీ ముళ్లకుర్చీ అయింది. అప్పటిదాకా ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కలు చెప్పిన మనిషి. విద్యార్థుల సందడి లేని ఆ నిశ్శబ్దం భరించలేక, తిరిగి పాఠాలు చెప్పుకుంటానని ప్రిన్సిపాల్‌ని అడిగారు. ముందు లండన్ వెళ్లి చదివి రండి, అప్పటికీ మనసు మారకపోతే చూద్దామన్నారాయన.

అక్కడ బెర్విక్ సేయర్స్ దగ్గర వర్గీకరణ నేర్చుకుంటుంటే, రెండు మూడు విషయాలు కలిసిన పుస్తకానికి డ్యూయీ పద్ధతిలో నంబరు సరిగ్గా అమరకపోవడం ఆయన్ను తొలిచేసింది. ఒకరోజు సెల్ఫ్రిడ్జెస్ దుకాణంలో మెకానో బొమ్మల పెట్టె చూశారు. అవే పట్టీలు, అవే చక్రాలు, అవే మరలు. బిగించే తీరు మారితే బొమ్మే మారిపోతుంది. విషయాన్నీ అలాగే ముక్కలుగా విడదీసి, కావలసినట్టు బిగించుకోవచ్చని తోచింది. బిగించే మరగా ఆయన ఎంచుకున్నది కోలన్ గుర్తు. కోలన్ వర్గీకరణ 1933లో పుస్తకంగా వచ్చింది.

దానికి రెండేళ్ల ముందే వెలువడిన ఆయన గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రాల కథ కూడా ఇలాంటిదే. చేస్తున్న పనులన్నిటికీ మూలసూత్రమేమిటో అందక సతమతమవుతుంటే, ఆయనకు లెక్కలు నేర్పిన గురువు ఎడ్వర్డ్ రాస్ మాటల మధ్యలో తేల్చేశారు: పుస్తకాలున్నది వాడుకోవడానికే కదా అని. తొలి సూత్రాన్ని మాటల్లో పెట్టింది లైబ్రేరియన్ కాదు, లెక్కల మాస్టారు.

రంగనాథన్‌కు ఆలోచనలు చేసే పనిలోంచే పుట్టాయి. ఇవాళ కొలువులో చేరిన కుర్ర లైబ్రేరియన్‌కు మాత్రం వ్యాసాలు రాయాలన్న ఒత్తిడి ఉంది. ఏం రాయాలో తోచక పాత జర్నళ్లు తిరగేసి, ఎవరో చేసిన సర్వేనే ఊరు మార్చి మళ్లీ చేస్తారు. అది చూస్తే బాధేస్తుంది. పని కొత్తగా ఉన్నప్పుడు కళ్లకు గుచ్చుకునే లోపాలు, అలవాటు పడ్డాక కనిపించవు. ఆ మొదటి ఏడాదిలో జేబులో చిన్న నోటుబుక్కు ఉండి తీరాలి: పాఠకుడు అడిగితే ఇవ్వలేకపోయిన పుస్తకమేది, కేటలాగులో ఉండీ దొరకనిదేది.

లెక్కపెట్టడం కూడా ఒక దారే. లండన్ సైన్స్ మ్యూజియం గ్రంథాలయంలో ఎస్.సి. బ్రాడ్‌ఫర్డ్ చేసింది అదే. భూభౌతిక శాస్త్రంలో 1,332 వ్యాసాలు ఏయే పత్రికల్లో వచ్చాయో లెక్క తీస్తే, 9 పత్రికల్లోనే 429 ఉన్నాయి. తర్వాతి 499కి 59 పత్రికలు, మిగిలిన 404కి 258 పత్రికలు కావలసి వచ్చాయి. 1934లో అచ్చయిన ఆ లెక్కను ఇప్పటికీ బ్రాడ్‌ఫర్డ్ సూత్రమనే చదువుకుంటున్నారు.

తెలుగు గ్రంథాలయాల్లో ఇలాంటి పని ఎంతో మిగిలి ఉంది. ఒక్క పేర్ల సంగతే చూడండి. మనకు ఇంటిపేరు ముందొస్తుంది. విశ్వనాథ సత్యనారాయణను కేటలాగులో 'వి' కింద వెతకాలా, 'స' కింద వెతకాలా? శ్రీశ్రీ పుస్తకం అడిగిన కుర్రాడికి అది శ్రీరంగం శ్రీనివాసరావు పేరున ఉంటే ఎలా దొరుకుతుంది? ఇక కంప్యూటర్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో ఎక్కించినప్పుడు ఒకే పేరుకు ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగు రాస్తారు. తన లైబ్రరీలో ఒక్క వంద మంది తెలుగు రచయితలను తీసుకుని, ఒక్కో పేరు ఎన్ని రూపాల్లో నమోదైందో, పాఠకులు దాన్ని ఏ రూపంలో అడుగుతున్నారో ఒక సెమిస్టర్ పాటు రాసుకుంటే మొదటి వ్యాసానికి ముడిసరుకు చేతికొచ్చినట్టే.