గోనెపట్టాకు ప్రాణం పోసే పని

మా వైపు కుక్కకు మనిషి వంగితే ఏమవుతుందో తెలుసు. వంగితే రాయి, చెయ్యెత్తితే కర్ర. కళ్లు తెరిచిన రెండు మూడు నెలలకే వీధి నేర్పే చదువు ఇది. కుక్క కనపడితే రాయి కనపడదు, రాయి కనపడితే కుక్క కనపడదు అని మనం చెప్పుకుంటాం గానీ, రెండూ ఒకేసారి కనపడ్డ రోజులు కుక్కకు బాగా గుర్తుంటాయి. అలాంటి జీవి ముందు నిలబడి, చేతిలో ఓ పొడుగాటి కర్ర, దాని కొసకు తాడు, తాడు కొసకు గుడ్డముడి పెట్టుకుని ఆడుకుందాం రమ్మంటే తోక ముడుచుకుని మంచం కిందికి దూరుతుంది. ‘దీనికి ఆసక్తి లేదు, నాటుది గదా’ అని జనం అక్కడితో వదిలేస్తారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఆ కుక్కకు ఆసక్తి ఉంది. పట్టుకుంటే దెబ్బ పడదన్న నమ్మకం ఇంకా కుదరలేదు, అంతే.

కుక్కలకు ఒళ్లు అలిసేలా పని చెప్పే ఈ లాగుడు సామాన్లు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి చేత్తో తిప్పే కర్ర, ఫ్లర్ట్ పోల్ అంటారు. రెండోది స్ప్రింగ్ పోల్. గట్టి కొమ్మకో దూలానికో స్ప్రింగు తగిలించి, దానికి తాడు వేలాడదీసి, తాడు చివర కుక్క నోట పట్టుకునే ముడి కడతారు. కుక్క లాగితే తాడు సాగుతుంది, మళ్లీ వెనక్కి గుంజుతుంది. అమెరికాలో పిట్‌బుల్ పెంచేవాళ్ల దగ్గర ఇది బాగా వాడుక. అందుకే మన దగ్గర కొందరికి దీని పేరు వింటేనే అనుమానం. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ పిట్‌బుల్, రాట్‌వైలర్ వంటి 23 జాతుల పెంపకాన్నీ అమ్మకాన్నీ ఆపమని రాష్ట్రాలకు లేఖ రాసినప్పుడు ఆ అనుమానం ఇంకా పెరిగింది. ఆ లేఖను ఏప్రిల్లో కర్ణాటక హైకోర్టు కొట్టేసింది, అది వేరే కథ. తాడు లాగితే కుక్క కరిచేదిగా మారుతుందా అన్న ప్రశ్న మాత్రం నిలబడిపోయింది. దాని సంగతి కాస్త ఆగి చెబుతాను.

జువ్వలదిన్నెలో ఈ సామానుతో పనేమిటని అడగొచ్చు. కావలి పక్కన, బోగోలు మండలంలో, సముద్రాన్ని ఆనుకున్న ఊరు ఇది. ఒకప్పుడు మా కుక్కల్ని ఎవరూ కట్టేసేవాళ్లు కాదు. ఇసకలో పరిగెత్తేవి, పీతల్ని తవ్వేవి, అలివి వల ఒడ్డుకొచ్చే వేళకు చుట్టూ చేరి జారిన చిన్న చేపల కోసం కాసుకునేవి. ఒంట్లో సత్తువంతా అక్కడే ఖర్చయ్యేది. 2020 నవంబరు 21న ఉప్పాడ, మచిలీపట్నం, నిజాంపట్నంతో పాటు మా ఊరి ఫిషింగ్ హార్బరుకూ శంకుస్థాపన జరిగింది. పనులు మొదలయ్యాక రోడ్డు మీద టిప్పర్లు తిరగసాగాయి, మా వీధిలో ఒక్కొక్కరే గొలుసులు కొనుక్కున్నారు. ఇంకో కారణం కూడా ఉంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ తీరంలో గుడ్లు పెడతాయి. వదిలేసిన కుక్కలు వాసన పట్టి ఆ గుంతలు తవ్వేస్తాయి. తాబేలు కోసం కుక్కను కట్టేయడం న్యాయమే. కట్టేసిన కుక్కకు ఇంకో పని చూపించడం కూడా అంతే న్యాయం. రోజంతా గొలుసు చుట్టూ తిరిగే కుక్క మొరుగుతుంది, చెప్పులు కొరుకుతుంది, చివరికి మనుషుల మీద విసుక్కుంటుంది.

మా చిట్టి ఎర్రటి నాటు కుక్క. దానికోసం చేసిన సామాను గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే సగం ఫలితం అందులోనే ఉంది. మా ఊళ్లో తాడుకు కొదవ లేదు గానీ చేతికందిన తాడల్లా పనికిరాదు. ఎండకు ఎండి ఉప్పుకు నాని చివికిన నైలాన్ తాడు పోగులు పోగులుగా ఊడుతుంది. ఆ పోగు కడుపులోకి పోతే పేగును ముడతలు ముడతలుగా గుంజేస్తుంది, ఆపరేషన్ దాకా పోతుంది. కొబ్బరి పీచు తాడు చిగుళ్లను గీరుతుంది. అన్నిటికన్నా మంచిది గోనెపట్టా. యూరప్‌లో పోలీసు కుక్కలకు పట్టు నేర్పేవాళ్లు ఏళ్లుగా వాడుతున్నదీ ఈ జనపనారే. పన్ను దిగుతుంది, జారదు, పంటికి నొప్పి తెలియదు.

చేపల వేట నిషేధం రోజులవి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవలు కదలవు. పక్కింటి మామ వాకిట్లో వల పరుచుకుని బాగుచేసుకుంటున్నాడు. నా చేతిలో గోనెసంచి చూసి అడిగాడు.

“ఏం జేస్తా ఉండావు అబ్బయా?”

“కుక్కకు లాగే ముడి మామా. గట్టిగా కుట్టాల.”

“నాటుకుక్క యాడన్నా ఆడతాదా? కర్ర జూస్తే పారిపోతాది.”

అలా అంటూనే చెయ్యి చాచి తీసుకున్నాడు. పాత నూలు తువ్వాలును గట్టిగా చుట్టచుట్టి లోపల పెట్టాడు. దాని మీద గోనెపట్టాను రెండు పొరలు తిప్పాడు. మణికట్టంత లావు, మూరెడు పొడవు. అంచులు లోపలికి మడిచి, వల కుట్టే సూదితో వాలుగా కుట్టుకుంటూ పోయాడు, ప్రతి కుట్టుకూ ఒకసారి దారాన్ని వెనక్కి లాగి బిగించాడు. రెండు కొసల్లో దారం ముడి బయటికి కనపడనివ్వలేదు. కుక్క పంటికి ముందు దొరికేది ముడే, అది విప్పితే అంతా విప్పుతుంది అన్నాడు. కుక్కకు బొమ్మ కుట్టడం ఆయనకు అదే మొదలు. అయినా పళ్లు ఎక్కడ పనిచేస్తాయో ఆయనకు తెలుసు. వల మీద పీతలు పెట్టే చిల్లులు ఎన్ని పూడ్చిన చెయ్యి అది!

లావు గురించి ఇంకో మాట. సన్నటి తాడైతే కుక్క ముందుపళ్లతో చిటుక్కున పట్టి వదిలేస్తుంది. మణికట్టంత లావుంటే నోరు పూర్తిగా తెరిచి వెనక దంతాల దాకా తీసుకోవాలి. నోరు నిండా పట్టిన పట్టే నిలుస్తుంది, ఆ పట్టులోనే కుక్కకు సుఖం.

ఇక కర్ర భయం. దానికి తొందర మందు లేదు. సన్నటి సరుగుడు వాసం ఒకటి తెచ్చి వాకిట్లో నేల మీద పడేయాలి. ఎవరూ ముట్టుకోకూడదు. కుక్క అన్నం గిన్నె రోజుకొంచెం దాని దగ్గరికి జరపాలి. వాసన చూసి, దాటి, ఒకరోజు దాని మీదే పడుకునేదాకా ఓర్చుకోవాలి. ఆ తర్వాత కూచుని, కర్రను ఎత్తకుండా నేల మీదే అటూ ఇటూ జరపాలి. నిలబడి కర్ర ఎత్తడం చివరాఖరున జరగాల్సిన పని. ఈలోగా ముడిని కర్రకు కట్టకుండా విడిగా చేత్తోనే పరిచయం చేయాలి.

పరిచయం చేయడంలో అందరం చేసే పనేమిటంటే, బొమ్మను తీసుకెళ్లి కుక్క మూతి దగ్గర ఆడించడం. ఏ కుందేలైనా వేటకుక్క మూతికి ఎదురొస్తుందా? మీదికొచ్చేది కుక్కకు బెదిరింపు, పారిపోయేది వేట. ముడిని నేల మీద ఉంచి, కుక్కకు పక్కకు తిరిగి కూచుని, దాని కళ్లలోకి చూడకుండా, ముడి వైపే చూస్తూ, కొంచెం జరిపి ఆపాలి. మళ్లీ చప్పున లాగి గడప వెనక్కి మాయం చేయాలి. చిట్టి మొదట చెవులు నిక్కబొడిచింది. తల పక్కకు వంచింది. ముడి గడప దాటి కనపడకుండా పోయినప్పుడు లేచి నాలుగడుగులు వేసి తొంగిచూసింది. ఆ తొంగిచూపే నేను కోరుకున్నది. అక్కడే ఆపేసి ముడిని చూరులో దోపేశాను. రోజంతా దాని చూపు చూరు మీదే ఉంది.

ఎండుచేప పామితే తొందరగా వస్తుంది గదా అని మా వీధిలో సలహా ఇచ్చారు. వాసన కోసం వచ్చిన కుక్క నాకుతుంది, నమిలి చింపుతుంది; లాగదు. ఎండుచేపకు వేరే పనుంది, వదలమన్నప్పుడు బదులివ్వడానికి.

వేటలో ఏ ఘట్టం నచ్చుతుందన్నది కుక్క కుక్కకూ వేరు. రేమండ్ కాపింజర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దీన్ని గొలుసులా విడదీసి చూపించాడు. గమనించడం, చూపు నిలపడం, పొంచి నడవడం, తరమడం, పట్టడం, చంపడం. మనుషులు తరాల తరబడి పెంచుకుంటూ ఒక్కో జాతిలో ఒక్కో కొక్కేన్ని గట్టిపరిచారు, కొన్నిటిని వదులు చేశారు. తమిళనాట తెలుగు రాజులు స్థిరపడ్డ రాజపాళయం ఊరి పేరుతోనే పిలిచే తెల్ల వేటకుక్కకు తరమడమే పండగ. 2005లో తపాలా శాఖ స్టాంపు మీదికెక్కిన కుక్క అది. కర్ర కొస ముడిని గుండ్రంగా పరిగెత్తిస్తే ప్రాణం పెడుతుంది, వేలాడే తాడు చూపిస్తే ముఖం తిప్పుకుంటుంది. కొల్లేరు చుట్టుపక్కల బాతుల్ని తోలిన జొనంగి ఇంకో రకం. బాతుల మందలు పోయి చేపల చెరువులొచ్చాక దాని పని పోయింది, చెరువులో చేప పడుతుందన్న నేరానికి దాని ప్రాణమే పోయింది. పని పోయిన కుక్కకు ఏం జరుగుతుందో మన కళ్లముందే ఉన్న ఉదాహరణ అది, తలుచుకున్నప్పుడల్లా బాధేస్తుంది. లాబ్రడార్‌కు పట్టుకుని మోసుకుపోవడం ఇష్టం. మన వీధికుక్కలో అన్ని కొక్కేలూ కొంచెం కొంచెం ఉంటాయి. అందుకే ఓపికతో వెతికితే ఏదో ఒకటి తగులుతుంది.

పట్టుకున్నాక గెలవనివ్వాలి. ఇక్కడే మన పెద్దలకు పేచీ, ఇందాక ఆపి ఉంచిన ప్రశ్న కూడా ఇక్కడికే వస్తుంది. కుక్కను గెలిపిస్తే నెత్తికెక్కుతుందని భయం. ఇంగ్లండులో నికోలా రూనీ, జాన్ బ్రాడ్‌షా 14 గోల్డెన్ రిట్రీవర్లతో ఇదే పరీక్షించి 2002లో ప్రచురించారు. ఒకసారి తాడు ప్రతిసారీ కుక్కకే దక్కేలా, ఇంకోసారి ప్రతిసారీ మనిషికే దక్కేలా ఆడించారు. గెలిచిన కుక్కలు పెత్తనానికి రాలేదు, ఇంకా ఆడమని మనిషినే చుట్టుకున్నాయి. నా వాకిట్లో చూసిందీ అదే. తాడు వదిలేస్తే చిట్టి దాన్ని ఎత్తుకుపోదు. తెచ్చి నా మోకాలికి కొడుతుంది. బాంబులు వాసన పట్టే పోలీసు కుక్కకు కూడా పని అయ్యాక దక్కే జీతం చాలాసార్లు ఓ బంతో, చుట్టిన తువ్వాలో, దానితో రెండు నిమిషాల లాగులాటో.

అయితే వదలడం నేర్పకుండా లాగడం నేర్పొద్దు. ముడిని మన తొడకు ఆనించి కదలకుండా బిగపట్టాలి. కదలిక చచ్చిన ముడి కుక్కకు రుచించదు, పట్టు సడలుతుంది. ఆ క్షణంలో ‘వదులు’ అనాలి, వదలగానే ఎండుచేప ముక్క, వెంటనే మళ్లీ ఆట. వదిలితే ఆట పోదని తెలిసిన కుక్క హాయిగా వదులుతుంది. పన్ను చేతికి తగిలితే ఆట ఆ పూటకు ఆగిపోవాలి. తోలు గీరుకున్నా సరే, సబ్బు పెట్టి పదిహేను నిమిషాలు ధారకింద కడిగి, సూది సంగతి డాక్టరును అడగాలి. పెంపుడుదే గదా అని ఊరుకోవద్దు.

చేతి ఆట కుదిరాకే వేలాడే తాడు. మా వేపచెట్టు కొమ్మకు మోటార్‌సైకిల్ ట్యూబు కట్టాను, స్ప్రింగు బదులు. ట్యూబు తెగితే ముఖాన కొట్టకుండా దాని పక్కనే ఇంకో వదులు తాడు ఆసరాగా ఉంది. ముడి ఎత్తు కుక్క తల ఎత్తే, అంతకు మించొద్దు. నాలుగు కాళ్లూ నేల మీద ఉండగా వెనక్కి తన్ని లాగాలి. గాల్లో వేలాడే కుక్కల వీడియోలు చూసి ఎత్తు పెంచేవాళ్లున్నారు. మెడకూ వెన్నుకూ అది చేటు. ఏడాది నిండని పిల్లకు, పెద్ద జాతైతే ఏడాదిన్నర దాకా, ఎముక ఎదిగే చోట్లు ఇంకా మెత్తగా ఉంటాయి. పాలపళ్లు ఊడే నాలుగు నుంచి ఆరు నెలల మధ్య అసలు లాగించొద్దు. మొదటి రోజు తాడును మనమే పట్టుకుని ఆడించాలి, మెల్లగా చెయ్యి తీయాలి, కానీ పక్కన ఉండాలి. కుక్క తాడును చూసినంతగా మనల్నీ చూస్తుంది. మనిషి లోపలికి పోతే చిట్టి తాడు వదిలేసి గుమ్మంలోకొచ్చి నిలబడుతుంది.

ఎండాకాలంలో మా తీరాన ఇంకో ప్రమాదం. కుక్కకు చెమట పట్టేది పాదాల దగ్గరే, ఒంటి వేడి దిగేది రొప్పుతోనే. గాలిలో తేమ నిండి ఉంటే ఎంత రొప్పినా వేడి దిగదు. రోహిణి కార్తెలో పొద్దు పొడవకముందే ఐదు నిమిషాలు, అంతే. ఆడుతున్న కుక్క తనంతట తాను ఆగదు, మనమే ఆపాలి. చిగుళ్లు ఎర్రగా కందినా, చొంగ జిగటగా సాగినా, కాళ్లు తడబడినా నీడకు తీసుకెళ్లి ఒళ్లంతా నీళ్లు పోస్తూ గాలి తగలనిచ్చి డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి.

ఆట అయ్యాక తాడు విప్పి లోపల పెట్టేయండి. పొద్దస్తమానం కళ్లముందు వేలాడేదాని మీద మోజు రెండు రోజుల్లో తీరిపోతుంది. పైగా పక్కవీధి కుక్కో, మేకపిల్లో వచ్చి మెడ తగిలించుకోవచ్చు. లోపల పెట్టే ముందు కుట్లు ఒకసారి వేలితో తడిమి చూడండి, ఒక్క పోగు లేచినా కొత్త పొర వేయండి. మామ ఇప్పుడు తన వాకిట్లో కట్టేసిన నల్లదానికి కూడా ఒకటి కుడుతున్నాడు. అది ఇంకా కర్ర దగ్గర అన్నం తినే దశలోనే ఉంది.