పొల్లులు పోయిన వారం

మంగళవారం పొద్దున్నే డెస్కు నుంచి ఫోను. "అన్నా, ఈసారి కాలమ్‌లో ఏందో తేడాగా ఉంది. సాఫ్ట్‌వేర్ అని ఉండాల్సిన చోటల్లా సాఫ్ట్వేర్ అని పడుతోంది. ఆన్‌లైన్ ఏమో ఆన్లైన్ అయింది. నువ్వే అట్ల రాసినావా, మా దగ్గర చెడిందా?"

నేను అట్ల రాయలేదు. వాళ్ల దగ్గరా చెడలేదు. ముందురోజు రాత్రి నా ఎడిటర్ ఈమాక్స్‌లో ఒక ప్లగిన్ కొత్త వెర్షన్‌కు మారింది. ఫైలు సేవ్ చేసిన ప్రతిసారీ అందులో 'కనబడని అక్షరాలు' ఏమున్నా ఊడ్చేయడం ఆ కొత్త వెర్షన్‌లో కలిపిన పని. ఆ ఊడ్పులో నా పొల్లులు పోయాయి.

సంగతి కొంచెం దగ్గరగా చూద్దాం. తెలుగులో పొల్లు తర్వాత హల్లు వస్తే, కంప్యూటర్ దాన్ని ఒత్తుగా మార్చేస్తుంది. అమ్మ, అక్క, పద్మ అన్నీ అట్లా వచ్చేవే. కానీ సాఫ్ట్‌వేర్‌లో ట పొల్లు పొల్లుగానే ఉండాలి, వే విడిగా నిలబడాలి. అందుకని ఆ రెంటి మధ్య రూపం లేని, వెడల్పు లేని ఒక అక్షరం పెడతాం. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. ఈమాక్స్‌లో కర్సర్‌ను ఆ చోట పెట్టి కంట్రోల్-యూ, కంట్రోల్-ఎక్స్, ఈక్వల్ నొక్కితే కింద ఏముందో చెబుతుంది. నా పాత కాపీలో ట, పొల్లు, 200సి, వ అని వరుసగా ఉన్నాయి. డెస్కుకు వెళ్లిన ఫైలులో ట, పొల్లు, వ. మధ్యలోది లేదు. పోయిన చోట గుర్తు కూడా ఉండదు కాబట్టి వెతికి తిరిగి పెట్టడం కుదరదు, ప్రతి వాక్యం చదువుకుంటూ పోవాల్సిందే. ఈమాక్స్ మార్చేముందు ఫైలు పేరు చివర తోక గుర్తు తగిలించి పాత ప్రతిని పక్కన దాస్తుంది. డెస్కుకు వెళ్లిన కాలమ్‌ను ఆ ప్రతే కాపాడింది.

ఆ ప్లగిన్ రాసినతనికి దురుద్దేశం లేదు. 2021 నవంబరులో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 'ట్రోజన్ సోర్స్' అని ఒక ప్రమాదాన్ని బయటపెట్టారు. కంటికి కనబడని యూనికోడ్ గుర్తులు చొప్పిస్తే, మనిషికి ఒక ప్రోగ్రాం కనబడుతుంది, కంప్యూటర్ ఇంకొకటి చదువుతుంది. అప్పటి నుంచి చాలా ఎడిటర్లు కనబడని అక్షరాల మీద కన్నేశాయి. ఇంగ్లిషులో ప్రోగ్రాములు రాసేవాడికి 200సి దొంగ. మనకు అది వర్ణక్రమం. ఫార్సీ రాసేవాళ్లకు కూడా అంతే, అది లేకుండా వాళ్ల క్రియాపదాలు సరిగా కుదరవు.

ఈ కాలమ్‌ను మొదటి నుంచీ చదువుతున్నవాళ్లకు నా పట్టుదలలు తెలుసు. రాసింది ఏదైనా మామూలు టెక్స్ట్ ఫైలులో ఉండాలి. అప్‌డేట్ అనగానే ఒత్తేయకూడదు, ఏం మారిందో చూసి ఒత్తాలి. వీటి మీద ఇదివరకు చాలా రాశాను, చాలామంది విసుక్కున్నారు కూడా. అందుకే మంగళవారం సాయంత్రం కూర్చుని నా ప్లగిన్లన్నీ తీసేశాను. ఈ వారం కాలమ్ దాని గురించే రాయాలనుకున్నాను. ఎడిటర్‌కు తగిలించిన ప్రతి తోకా ఏదో ఒక రోజు ఎదురు తిరుగుతుందని, ఒట్టి ఎడిటరే మేలని.

ఆ మాటకు ఆధారాలు లేకపోలేదు. ఈమాక్స్‌లో ప్లగిన్లు తెచ్చుకునే ఏర్పాటు 2012లో, 24వ వెర్షన్‌తో లోపలికి వచ్చింది. ఎక్కువమంది వాడే మెల్పా అనే భాండాగారంలో ఐదు వేలకు పైగా ప్యాకేజీలున్నాయి. అది రచయిత తన దగ్గర ఏ మార్పు చేసినా దాన్ని ఎప్పటికప్పుడు తీసుకుని ప్యాకేజీ కట్టేస్తుంది. అతను పొద్దున చేసిన మార్పు సాయంత్రానికి మా ఊరు రుద్రవరంలో నా ఫైలు మీద పనిచేయవచ్చు, మధ్యలో చూసేవాళ్లెవరూ లేకుండా. రచయిత ఇది కుదిరిందని ముద్రవేసిన వెర్షన్లనే ఇచ్చే 'మెల్పా స్టేబుల్' వేరే ఉంది గానీ, చాలామంది దాని జోలికి పోరు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న కుదింపు పరికరంలో దొంగ తలుపు బయటపడినప్పుడు ప్రపంచమంతా ఉలిక్కిపడింది. ఒంటరిగా దాన్ని మోస్తూ అలిసిపోయిన మనిషి దగ్గరికి సాయం చేస్తానని ఎవరో చేరి, ఏళ్ల తరబడి నమ్మకం సంపాదించి పెట్టిన తలుపది. లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ ఆరా తీయబట్టి దొరికింది.

కాబట్టి ఒట్టి ఎడిటర్‌తో కూర్చున్నాను. తెలుగుకు లోటు లేదు. ఈమాక్స్‌తోపాటే తెలుగు టైపింగు వస్తుంది. తెలుగు-ఐట్రాన్స్, తెలుగు-ఇన్‌స్క్రిప్ట్ రెండూ లోపలివే, ఏ ప్లగిన్ అక్కర్లేదు. 2020లో వచ్చిన 27వ వెర్షన్ నుంచి అక్షరాలను హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ కూరుస్తోంది, ఒత్తులు చక్కగా కూర్చుంటాయి. 'క్షీ' మీద బ్యాక్‌స్పేస్ కొడితే ఒక్కసారిగా పోదు. ముందు గుడిదీర్ఘం, తర్వాత ష, తర్వాత పొల్లు, చివరికి క, రాసిన వరుసకు వెనకవరుసలో ఒక్కొక్కటీ ఊడుతుంది. నాకు ఇది ఎప్పుడు చూసినా ఇష్టం. మాట లోపల ఏముందో చేతికి తెలుస్తుంది.

అట్లా పాత ఫైళ్లు తిరగేస్తుంటే 'పేపర్లు' అనే ఫోల్డర్ తెరుచుకుంది. అక్కడి నుంచి నేననుకున్న కాలమ్ దారి తప్పింది.

నేను ఆళ్లగడ్డ డీటీపీ సెంటర్‌లో పనిచేసిన రోజుల గురించి ఇక్కడ ఎన్నిసార్లు రాశానో పాఠకులకే తెలుసు. పేజ్‌మేకర్‌లో పెళ్లిపత్రికలు, అహోబిలం బ్రహ్మోత్సవాల కరపత్రాలు, స్థానిక కవుల చిన్న చిన్న పుస్తకాలు. అప్పటి తెలుగు ఫాంట్లలో తెలుగు తెర మీద మాత్రమే తెలుగు. ఫైలు లోపల ఉండేవి ఇంగ్లిషు అక్షరాల సంఖ్యలు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు. తర్వాత పత్రికలు నెట్‌లోకి వచ్చాయి, ఎవరి ఫాంట్ వాళ్లదే. ఒక పేపరు చదవడానికి ఒక ఫాంట్, ఇంకో పేపరుకు ఇంకొకటి. అన్నిటికన్నా పెద్ద బాధ, దేన్నీ వెతకలేం. రుద్రవరం అని కొడితే ఎక్కడా దొరకదు. ఎందుకంటే ఆ పేజీల్లో రుద్రవరం అనే మాట నిజానికి లేదు, దాని బొమ్మలాంటిది ఉంది.

అప్పుడు వచ్చింది పద్మ. వెన్న నాగార్జున రాసిన ఫైర్‌ఫాక్స్ ప్లగిన్. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికింది కూడా ఆయనే. పద్మను తగిలించుకుని పేపరు సైటు తెరిస్తే, ఆ పేపరు ఫాంట్ ఏదో గుర్తుపట్టి, పేజీలోని గుర్తులన్నిటినీ అక్కడికక్కడే యూనికోడ్ తెలుగులోకి మార్చేది. తెలుగొక్కటే కాదు, మరికొన్ని భారతీయ భాషల ఫాంట్లను కూడా. ఒక్కో ఫాంట్‌కు ఒక్కో పట్టిక ఉండాలి. ఏ గుర్తు తలకట్టు, ఏది దీర్ఘం, ఏ రెండు కలిస్తే ఏ అక్షరం, ఒత్తు హల్లుకు ముందు పడిందా వెనక పడిందా, అన్నీ అందులో ఉండాలి. ఆ పట్టికలు కూర్చిన ఓపిక గురించి ఆలోచించినప్పుడల్లా నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. డబ్బు రాదు. పేరు ఏ కొద్దిమందికో తెలుస్తుంది.

పద్మలో ఇంకో పని ఉండేది. ఆర్‌టీఎస్ పద్ధతిలో, అంటే ఇంగ్లిషు అక్షరాలతో రాసిన తెలుగును కూడా అది యూనికోడ్‌లోకి మార్చేది. ఆ ఆర్‌టీఎస్ ఇంకా పాతది. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ 1990ల మొదట్లో తీర్చిదిద్దిన పద్ధతి. వీవెన్ 2006లో లేఖిని అనే తెలుగు టైపింగు పరికరం చేసినప్పుడు పద్మ కోడ్‌నే ఆధారం చేసుకున్నారు. తెలుగు బ్లాగులు రాసిన తరమంతా లేఖినిలోనే వేళ్లు ఆడించింది. అంటే రైస్‌లో వేసిన విత్తు పద్మలో మొక్కై, లేఖినిలో కాసిందన్నమాట.

నా 'పేపర్లు' ఫోల్డర్ ఆ పద్మ పుణ్యం. నెట్‌లో మా ప్రాంతం గురించి వచ్చిన ప్రతి వార్తనూ పద్మతో మార్చి, కాపీ చేసి, టెక్స్ట్ ఫైలుగా దాచాను. తెలుగుగంగ కాలువ నీళ్ల గొడవలు, నల్లమల అడవి అంచున చిరుతలు, కనుమ నాడు మొదలై నెల దాటి ఊరూరా సాగే అహోబిలం పారువేట, పల్లకి ఏ రోజు ఏ ఊరికో వేసిన పట్టీలు. బుధవారం ఆ ఫోల్డర్ మీద రుద్రవరం అని వెతికితే తెర నిండిపోయింది. ప్రతి వార్తలోనూ మేము కర్నూలు జిల్లా వాళ్లమే. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయ్యాక వచ్చినవేవీ అందులో లేవు, ఎందుకంటే అప్పటికి పద్మ లేదు.

2017 నవంబరు 14న ఫైర్‌ఫాక్స్ 57వ వెర్షన్ వచ్చింది. వేగం కోసం, భద్రత కోసం పాత పద్ధతి ప్లగిన్లన్నిటికీ తలుపు మూసింది. పద్మ పాత పద్ధతిదే. ఆ తలుపు మూసినవాళ్ల కారణాలు సరైనవే. బ్రౌజర్ లోపల ఏ మూలకైనా చేయి పెట్టగల ప్లగిన్లు నిజంగానే ప్రమాదం. అప్పటికి పత్రికలు కూడా చాలావరకు యూనికోడ్‌కు మారిపోయాయి. ఒక విధంగా పద్మ పని అయిపోయింది. అయినా నా ఫైళ్లు ఇవాళ అక్షరం చెడకుండా తెరుచుకున్నాయి. వాటికి పద్మ అక్కర్లేదు, ఫైర్‌ఫాక్స్ అక్కర్లేదు, నేను వాడే ఈమాక్స్ కూడా అక్కర్లేదు.

ఇదంతా చూశాక, ప్లగిన్లు తీసేయండి అని రాయడానికి నాకు మనసొప్పలేదు. మా ప్రాంతం గురించి నా దగ్గరున్న ఇన్నేళ్ల రాత ఒక ప్లగిన్ చేసిన పని. అదీ ఒక్క మనిషి మోసిన ప్లగిన్. ఒట్టి బ్రౌజర్‌తో సరిపెట్టుకుని ఉంటే నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

మరి పద్మ ఎందుకు పనిచేసింది, ఈ వారం ప్లగిన్ ఎందుకు చెడింది? పద్మ రాసింది తెలుగు చదివే మనిషి. ఈ ప్లగిన్‌ను పరీక్షించినవాళ్లలో పొల్లు రాసేవాళ్లు ఒక్కరూ లేరు. అంతే తేడా. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' వల్ల ఐఫోన్లు కుప్పకూలిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. అప్పుడు దాన్ని వింతగా చెప్పుకున్నారు. ఫోన్లను కూల్చిన ఆ అక్షరాల వరుస లోపల కూడా ఇదే 200సి ఉంది. ఆ వరుసను ముందుగా ఎవరూ పరీక్షించినట్టు లేదు. ఫిబ్రవరి 19న 11.2.6 వెర్షన్‌తో సరిచేశారు. ప్రపంచమంతా గగ్గోలు పెట్టాక. మన అక్షరం విరిగిందని ఎక్కడో ఎవరికో తెలిసేదాకా అది విరిగే ఉంటుంది. చెప్పాల్సింది మనమే. ప్లగిన్లను దూరం పెడితే ఆ చెప్పే పని కూడా మానేసినట్టే.

అందుకని ప్లగిన్లు తిరిగి పెట్టుకున్నాను. ఈసారి పద్ధతి మార్చి. యూజ్-ప్యాకేజ్ అనే ఏర్పాటు ఈమాక్స్ 29వ వెర్షన్‌తో లోపలే వస్తోంది. నేను వాడే ప్రతి ప్లగిన్‌కూ ఒకే ఫైలులో ఒక పేరా ఉంటుంది. ఏది, ఎందుకు, ఏ భాండాగారం నుంచి అన్నది పక్కనే తెలుగులో రాసుకున్నాను. రాత మీద చేయి వేసేవి, అంటే సేవ్ చేసేటప్పుడు ఫైలును మార్చేవి, అన్నీ స్టేబుల్ నుంచే. రంగులు, మెనూలు చూపించేవి ఎట్లా మారినా పర్వాలేదు. ఆళ్లగడ్డలో శిల్పులు ఉలిని కొలిమిలో పెట్టి సానబట్టడాన్ని చెక్కడం నుంచి వేరుగా చూడరు. ఈ ఫైలు సరిచూసుకోవడం కూడా నాకు రాతలో భాగమే. ఎవరైనా కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అడిగితే ముందు ఈ ఒక్క విభజన చేసుకోమంటాను, చూపించేవి వేరు, మార్చేవి వేరు.

మంగళవారం గొడవపెట్టిన ప్లగిన్‌ను కూడా తీయలేదు. ప్రోగ్రాములు రాసే ఫైళ్లలో అది చేసే పని మంచిదే, అక్కడికే కట్టేశాను. ప్రోగ్-మోడ్‌లో ఉంటుంది, టెక్స్ట్-మోడ్ వైపు రాదు. అందరికీ ఇట్లా కట్టుకోవడం తెలియదు కదా. కాబట్టి దాని రచయితకు ఉత్తరం రాశాను. తెలుగులో, ఫార్సీలో ఈ అక్షరం ఎక్కడెక్కడ తప్పనిసరో, అది పోతే మాట ఎట్లా మారుతుందో వివరించి, రెండు వరుసల సంఖ్యలూ పక్కపక్కన పెట్టాను. మాటతోపాటు ఒక పరీక్ష ఫైలు కూడా జతచేయాలని నా ఉద్దేశం. ప్రతి కొత్త వెర్షన్‌కూ ముందు ఆ ఫైలును ప్లగిన్‌లో నుంచి నడిపితే, ఒక్క పొల్లు తగ్గినా కంప్యూటరే అభ్యంతరం చెప్పాలి.

ఆ పరీక్ష ఫైలులో ప్రస్తుతం సాఫ్ట్‌వేర్, ఆన్‌లైన్, ఫేస్‌బుక్, రాజ్‌కుమార్, కాలేజ్‌లో వంటివి ఉన్నాయి. ఇవి చాలవు. ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు, బస్టాండులో బోర్డుల మీద రాసే మాటలు, పొల్లు పొల్లుగా ఉండకపోతే మీ కంటికి తప్పుగా కనబడేవి ఏవైనా సరే, ఒక కార్డు మీద రాసి ఈ కాలమ్ చిరునామాకు పంపండి. చేత్తో రాస్తే మరీ మంచిది, మధ్యలో ఏ యంత్రమూ మార్చదు. ఒక్కో మాటా నేనే టైపు చేసి, సంఖ్యలు సరిచూసి ఫైలులో కలుపుతాను.